వేళ్లు పైకి

కార్తీకమాసం మొదటి వారంలో నా విద్యార్థిని ఒకమ్మాయి ప్రాక్టికల్ క్లాసుకి గుర్రపు డెక్క మొక్క తెచ్చింది. ఇంటి ముందు కాలువలోంచి తీసి, గాజు గ్లాసులో నీళ్లు పోసి, వేళ్లు నీటిలో ఉండేలా, ఊదారంగు పువ్వు పైకి నిలబడేలా అమర్చి నా బల్ల మీద పెట్టింది. నేను హాజరు వేస్తూ, అటు చూడకుండానే, ఎడమచేత్తో మొక్కని తీసి బల్ల మీద తిరగేసి పెట్టాను. పువ్వు అడుగున పడి నలిగింది. నల్లటి వేళ్లలోంచి కారిన నీళ్లు హాజరు పుస్తకం అంచు దాకా వచ్చాయి. క్లాసు నవ్వింది. ఆ అమ్మాయి నవ్వలేదు.

"నేనేమన్నా తప్పు మొక్క తెచ్చేనా మేడమ్?" అని అడిగింది.

లేదన్నాను. ఆ అలవాటు నాది కాదనీ, అది నేర్పిన మనిషి పోయి రెండు నెలలయిందనీ క్లాసులో చెప్పలేదు.

ఆయన పేరు రాయను. పేరు రాస్తే ఊరు తెలుస్తుంది, ఊరు తెలిస్తే ఎవరో ఒకరు ఫోటో తియ్యడానికి ఆయన తల్లి దగ్గరికి వెళ్తారు. అదీగాక ఆయన్ని పేరుతో పిలిచినవాళ్లని నేను చూడలేదు. ముక్తేశ్వరం వైపు నుంచి అమలాపురం దాకా కాలువ గట్టు మీద అందరికీ ఆయన డెక్క మేష్టారు. ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. డిగ్రీ మధ్యలో ఆపేసిన మనిషి. ఏటా ఏప్రిల్లో కాలువలు కట్టేసి నీళ్లు ఆపినప్పటి నుంచి జూన్ నెలాఖరు దాకా, కాలేజీ పిల్లల చేత డెక్క తీయించి, గట్టున ఉండేవాళ్లకి దాని సంగతి చెప్పించే కార్యక్రమం ఒకటి ఉండేది. ఒక జట్టుకి ఆయన పెద్ద. మూడు నెలల పని. మిగతా తొమ్మిది నెలలూ ఏం చేసేవారో మాలో ఎవరం అడగలేదు.

నేను డిగ్రీ రెండో ఏడు చదువుతూ ఆ జట్టులో చేరాను. సేవ చెయ్యాలని కాదు. వేసవిలో ఏదో ఒక సమాజసేవ చేసినట్టు సర్టిఫికెట్ తెస్తేనే మార్కులు వేస్తామన్నారు. పన్నెండుమందిమి చేరాం. పన్నెండుమందిదీ అదే కారణం.

మొదటి రోజు ఆయన కాలువ అడుగున నిలబడి ఉన్నారు. కాలువ కట్టేసి పదిరోజులయింది. గుంటల్లో మిగిలిన నీళ్ల మీద డెక్క దట్టంగా ఉంది. మోకాళ్ల పైకి కట్టిన లుంగీ, మెడలో గళ్ల తువ్వాలు, చేతిలో కొక్కెం కట్టిన వెదురు గెడ. వయసు ముప్పై ఉంటుంది. మమ్మల్ని వరసగా చూసి, "ముందు ఒక్క మాటండీ," అన్నారు. "ఏం తీసినా, ఎక్కడ పెట్టినా, వేళ్లు పైకి ఉండాలి."

మేము ఒకళ్లనొకళ్లు చూసుకున్నాం. ఇదేదో ప్రతిజ్ఞ కాబోలనుకుని చేతులెత్తి వేళ్లు చాపాం.

ఆయన నవ్వలేదు. మా చేతులన్నీ ఒకసారి చూసి, "మీవి కాదండీ, దానివి," అన్నారు.

తర్వాత ఒక మొక్క తీసి చూపించారు. డెక్కని లాగి గట్టు మీద ఎలా పడితే అలా విసిరేస్తే చావదు. ఆకులు ఎండినట్టే కనిపిస్తాయి. ఒక్క వాన పడితే మొదలు దగ్గర పచ్చబడుతుంది, రెండో వానకి జారి మళ్లీ కాలువలోకి చేరుతుంది. తిరగేసి, ఆకులు నేలకీ వేళ్లు ఎండకీ పెడితే చస్తుంది. ఆయన ప్రతి మొక్కనీ అలా చేత్తో తిరగేసి పెట్టేవారు. గెడలతో కుప్పలు కుప్పలుగా లాగి పడేస్తే ఒక పూటలో అయ్యే పని ఆయనతో మూడు రోజులు పట్టేది. పక్క జట్టువాళ్లు ఎన్ని గజాలు శుభ్రం చేశారో రోజూ ఫోన్లో పెట్టేవారు. మాది ఎప్పుడూ ఆఖరే.

ఆ తొందర లేకపోవడానికి కారణం రెండో రోజే చెప్పారు. వాళ్ల ఊరు ఆ కాలువకి ఆఖరు. దాని తర్వాత ఉప్పునేల. ఎగువన ఏ ఊరివాళ్లు ఏం వదిలినా, అది వంతెనలన్నీ దాటుకుంటూ వెళ్లి వాళ్ల ఊరి తూము దగ్గర అడ్డం పడుతుంది. తూము మూసుకుంటే నీళ్లు గట్టు పొర్లుతాయి. అక్కడ గట్టుకి ఆనుకుని ఉన్నది వాళ్లు కౌలుకి చేసే ఎకరన్నర. అందులో వాళ్లమ్మ జూన్‌లో వరినారు పోసే ఆకుమడి.

"మీరు ఇక్కడ ఒక మొక్క వదిలితే మా అమ్మకి ఉత్తరం రాసినట్టేనండి," అనేవారు. "ఎక్కడా ఆగకుండా చేరిపోద్ది."

అందుకే సాయంత్రం ఇళ్లకి వెళ్లేముందు ఆయన అడిగే ప్రశ్న రోజూ ఒకటే. ఎంత తీశాం అని కాదు. "ఇవాళ కిందికేమన్నా పోయిందాండీ?" అని. లేదండీ అంటే, "ఆయ్," అని తల ఊపి, తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయేవారు.

ఆ "ఆయ్" గురించి చెప్పాలి. అవునండి, అలాగేనండి అనడానికి మా వైపు అందరూ అనేదే. ఆయన మాత్రం దాన్ని సంతకంలా వాడేవారు. టీ ఇచ్చినా ఆయ్, తిట్టినా ఆయ్. గట్టు మీద ఆసామి ఒకాయన, "ఏంటయ్యా, చదువుకునే ఆడపిల్లల్ని బురదలో దింపి ఆడిస్తున్నావు, సిగ్గులేదా?" అంటే కూడా, "ఆయ్, ఉందండి," అన్నారు. ఆ ఆసామి గొడుగు విప్పుకుని వెళ్లిపోయాడు. మేము రోజంతా ఆ మాట చెప్పుకుని నవ్వాం.

నీళ్లలోకి దిగేముందు చెప్పులు విప్పి గట్టు మీద బోర్లా పెట్టేవారు. ఎండకి లోపలివైపు కాలకుండా ఉండాలని. చెప్పులు బోర్లా పడితే ఇంట్లో గొడవలొస్తాయని మనవాళ్ల నమ్మకం. రేవులో బట్టలుతికే ముసలమ్మ ఒకావిడ రోజూ వాటిని తిరగేసేది. "పోట్లాటలొస్తాయి నాయనా, బోర్లా పెట్టకు."

"రానివ్వండి మామ్మగారూ. ఎప్పట్నుంచో చూస్తున్నాను, ఒక్కటీ రావట్లేదు."

అది హాస్యానికే అన్నారనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అందులో హాస్యం పాలు తక్కువ. ఆయన ఎవరితోనూ పోట్లాడలేదు. పోట్లాడవలసినప్పుడు కూడా.

కార్యక్రమం వాళ్లు మాకు ఒక బ్యానరు ఇచ్చారు. 'ఆక్రమణ జాతుల నిర్మూలనలో యువత' అని పెద్ద అక్షరాలు. వేరే దేశం నుంచి వచ్చి మన నీటినీ నేలనీ ఆక్రమించే మొక్కలని దాని అర్థం. రెండు గెడలకి కట్టి ఊరేగింపుగా పట్టుకెళ్లమన్నారు. మేము ఒక మలుపు తిరిగేసరికి, ముందున్న టీ కొట్టాయన గబగబా తన తాటాకు పందిరి గుంజలు పీకుతున్నాడు. పక్కన మంగలి బడ్డీ అప్పటికే సగం విప్పేసి ఉంది. కాలువ గట్టు ప్రభుత్వ స్థలం. ఆక్రమణలు తీయించడానికి రెవెన్యూ వాళ్లొచ్చారనుకున్నారు.

మేష్టారు పరిగెత్తుకెళ్లి గుంజ పట్టుకున్నారు. "కట్టేసుకోండి బాబూ, కట్టేసుకోండి. మేం డెక్క కోసం వచ్చేమండి."

"డెక్కకి ఇంత బ్యానరెందుకండీ?"

"అదే నేనూ అడిగేనండి."

అరుగు మీద కూర్చున్న పెద్దాయన ఒకరు బ్యానరు కూడబలుక్కుని చదివి, "ఆక్రమణ చేసింది ఏ జాతి అంటారు?" అని మెల్లగా అడిగారు. టీ కొట్టు దగ్గరున్నవాళ్లంతా బ్యానరు వైపు తిరిగారు. జాతి అంటే వాళ్లకి కులమే, మా వైపు ఆ మాట ఎలాంటిదో మా వైపు వాళ్లకి తెలుసు. మేష్టారు బ్యానరు చుట్టేసి చంకలో పెట్టుకున్నారు. ఆ తర్వాత అది మళ్లీ గెడ ఎక్కలేదు. మధ్యాహ్నం అన్నాలు తినేటప్పుడు అక్షరాలు నేలకేసి పరుచుకునేవాళ్లం.

బ్యానరు పోయాక ఆయన తన పద్ధతిలో చెప్పడం మొదలుపెట్టారు. ఏ ఇంటి ముందైనా ఆగి మంచినీళ్లు అడగడం, గ్లాసు ఖాళీ అయ్యేలోగా చెప్పవలసింది చెప్పడం. ఒకావిడ పువ్వు బాగుంటుందని వాకిట్లో సిమెంటు తొట్టిలో డెక్క పెంచుకుంటోంది.

"ఇది పండక్కొచ్చిన అల్లుడండి," అన్నారు మేష్టారు. "ఒక్కడే వచ్చేడు కదాని కుర్చీ వేస్తాం. నెల తిరిగేసరికి ఇంట్లో మంచాలన్నీ ఆయనవే."

"మా అల్లుడు అలాంటివాడు కాదండీ," అంది ఆవిడ.

లోపలి గదిలో ఎవరో గట్టిగా దగ్గారు. మేష్టారు గ్లాసు కింద పెట్టి, "ఆయ్, మీ అల్లుడి గురించి కాదండీ. మా ఊళ్లో అల్లుళ్ల గురించి," అన్నారు. ఆవిడే నవ్వుకుంటూ తొట్టి మొక్కలు తీసి మా తట్టలో వేసింది.

ఆయన చెప్పిన వాటిలో జనానికి బాగా పట్టింది పోలి మాట. కార్తీకం వెళ్లిన మర్నాడు తెల్లవారకముందే ఆడవాళ్లు అరటిదొప్పల్లో దీపాలు పెట్టి కాలువలో వదులుతారు. పోలి అనే కోడలు బొందితో స్వర్గానికి వెళ్లిన రోజు అది. దీపాన్ని చేత్తో మూడుసార్లు ముందుకి తోస్తారు. దీపం కదిలి దూరంగా పోతే మంచిది. డెక్క ఉంటే ఎక్కడ కదులుతుంది? వదిలిన చోటే ఆగి, ఆకులు కాలి, ఆరిపోతుంది. ఆ దిగులు అందరికీ ఉంది. రేవులో పదిమంది ఆడవాళ్లున్నప్పుడు మేష్టారు అన్నారు: "పోలిని స్వర్గానికి పంపాలంటే ముందు డెక్కని పంపాలండీ."

నవ్వులు. "మేష్టారికి మాటలొచ్చు," అని ఒకావిడ. ఆ సాయంత్రమే ఇద్దరు మగవాళ్లు, పెళ్లాలు తిట్టి పంపగా, గెడలు పట్టుకుని వచ్చారు. మూడు నెలల్లో మాకు ఊరి నుంచి వచ్చిన మొదటి సాయం అది. ఆయన ఆ రోజు సంతోషంగా ఉన్నారు. బెల్లం ముక్క పంచారు.

ఇప్పుడు ఆ సంవత్సరం ఆఖరి సంగతి రాయాలి.

జూన్‌లో కాలువకి నీళ్లు వదిలారు. అప్పటి నుంచి పని కష్టమైంది. పైనుంచి డెక్క తేలి వస్తుంది, మేము వంతెన దగ్గర గెడలు అడ్డం కట్టి ఆపి, ఒడ్డుకి లాగి, తిరగేసేవాళ్లం. కార్యక్రమం ముగిసే రోజుకి మూడు రోజుల ముందు ఎగువన ఎవరో ఒక పెద్ద డెక్క తెప్ప వదిలారు. మనిషి ఎక్కి నిలబడితే మునగనంత దట్టం. రెండు రోజులు లాగాం. సగం మిగిలింది. మర్నాడు ఆ వంతెన దగ్గరే సభ. పెద్ద అధికారి వస్తారు, మాకు సర్టిఫికెట్లు ఇస్తారు.

మధ్యాహ్నం మా కార్యక్రమం చూసే ఆఫీసరు వచ్చి వంతెన మీంచి కిందికి చూశారు.

"ఏంటయ్యా ఇది? రేపు ఆయన ఇక్కడ నిలబడితే నీళ్లు కనపడాలి."

"రెండ్రోజులు ఇప్పించండి సార్. పూర్తిగా తీసేస్తాం."

"రెండ్రోజులు ఎక్కడివి? ఆ గెడలు విప్పు. కిందికి తోసెయ్. అదే పోద్ది."

మేష్టారు ఆయ్ అనలేదు. నాకు తెలిసి ఆయన ఆ మాట అనకపోవడం అదొక్కసారే. "కిందికి వద్దు సార్," అన్నారు. గొంతు పెంచలేదు. "కింద తూముందండి. ఆకుమళ్లు పోసేరండి."

"నీకు సర్టిఫికెట్ అక్కర్లేదు, సరే. పిల్లలకి అక్కర్లేదా? నీళ్లు కనపడకపోతే రేపు సభ లేదు. సభ లేకపోతే కాగితం లేదు. వాళ్లతోనే మాట్లాడుకో," అని ఆఫీసరు జీపెక్కి వెళ్లిపోయారు.

మేము గట్టు మీద నిలబడి ఉన్నాం. మొదట మాట్లాడింది నేను. ఆ మాటలు మార్చకుండా రాస్తాను.

"ఇంత కష్టపడ్డాం కదండీ. ఒక్కసారికి తోసేద్దామండీ. మీ ఊరు చాలా దూరం కదండీ, మధ్యలో ఎక్కడో చోట ఆగిపోద్దిలెండి."

ఎక్కడా ఆగదని ఆయన మాకు రెండో రోజే చెప్పారు. నాకు గుర్తుంది. అయినా అన్నాను. మిగతావాళ్లు నా వెనక చేరి అవునండీ, అవునండీ అన్నారు.

ఆయన నా వైపు చూశారు. కోపం ఉందేమోనని వెతికాను. ఉంటే బాగుండేది. ఆయన తువ్వాలు తీసి ముఖం తుడుచుకుని, "ఆయ్, అలాగేనండి," అన్నారు. అడ్డం కట్టిన గెడల ముడులు ఆయనే విప్పారు. పన్నెండుమందిమీ తోశాం. తీయడానికి రెండు రోజుల్లో కానిది తోయడానికి గంట పట్టలేదు. తెప్ప వంతెన కిందికి వెళ్లి, అవతలి వైపు వచ్చి, మలుపులో కనిపించకుండా పోయింది. మాలో ఒకడు చప్పట్లు కొట్టాడు.

ఆ సాయంత్రం ఆయన ప్రశ్న అడగలేదు.

మర్నాడు నీళ్లు కనిపించాయి. పెద్ద అధికారి వంతెన మీద నిలబడి ఫోటో దిగారు. నా సర్టిఫికెట్లో 'ప్రశంసనీయమైన కృషి' అని ఉంది.

తర్వాతి ఆదివారం మా జట్టు ఫోన్ గ్రూపులో ఎవరో రాశారు, మేష్టారి ఊళ్లో కాలువ పొర్లిందట అని. మధ్యలో రెండు రోజులు గట్టి వాన కురిసింది. నేను బస్సెక్కి, ఆటో మారి వెళ్లాను. ఎందుకు వెళ్లానో ఇప్పటికీ చెప్పలేను. సాయం చెయ్యడానికైతే కాదు, మంచి చీర కట్టుకుని వెళ్లాను.

తూము దగ్గర ఆయన గుండెల దాకా నీళ్లలో ఉన్నారు. ఒక్కరే. చెప్పులు గట్టు మీద బోర్లా ఉన్నాయి. పక్కన, తీసిన డెక్క వరసలు వరసలుగా, వేళ్లు పైకి. ఆకుమడి ఉండవలసిన చోట గోధుమరంగు నీళ్లు నిలిచి ఉన్నాయి. దాని గట్టు మీద ఆయన తల్లి కూర్చుని ఉంది. నన్ను చూసి, "ఎవరమ్మాయివమ్మా?" అంది.

"మా జట్టులో అమ్మాయేనమ్మా," అన్నారు ఆయన నీళ్లలోంచి.

"కూర్చో తల్లీ. ఎండన పడొచ్చేవు." ఆవిడ పక్కన చోటు చూపించింది. కూర్చున్నాను. ఆవిడ నాతోనే మాట్లాడింది, నీళ్లని చూస్తూ. "ఎగువోళ్లు తోసేసేరమ్మా. మొలకెత్తి జానెడు లేచింది. మొత్తం కుళ్లిపోయింది. ఆళ్ల చేతులు పడిపోను. గెడ పట్టుకున్నోడికి కింద ఇంకో ఊరుంటదని తెలీదా అమ్మా?"

నేను చీర అంచుకంటిన బురద దులిపాను.

"నువ్వు చెప్పరా. తెలిసే తోసుంటారంటావా?"

ఆయన ఇంకో మొక్క తీసి, గట్టు మీద తిరగేసి పెట్టారు. నా వైపు చూడలేదు.

"ఆయ్," అన్నారు.

నాకు కొబ్బరిబొండం కొట్టి ఇచ్చారు. తాగాను. బయల్దేరుతుంటే గట్టు దాకా వచ్చి, "జారుద్దండి, చూసి నడవండి," అన్నారు. నేను చెప్పవలసింది చెప్పలేదు. తనూ చెప్పకుండా ఆయన నన్ను కాపాడారనిపించింది అప్పుడు. ఇప్పుడు అనిపించేది వేరు. ఒక్కసారి, తల్లి ముందు, ఇదిగో తోసింది ఈ అమ్మాయే అని ఉంటే, ఆవిడ నన్ను తిట్టి ఉంటే, ఆ బొండం నీళ్లు ఇన్నేళ్లు నాకు అడ్డం పడేవి కావు.

ఆ ఏడు వాళ్లు నాట్లు వెయ్యలేదు. పొలం ఆసామి కౌలు ఇంకొకరికి ఇచ్చాడు.

ఆయన్ని ఆఖరుసారి చూసింది రెండేళ్ల కిందట, అమలాపురం బస్టాండులో. నాకు ఉద్యోగం వచ్చిన కొత్త. కార్యక్రమం ఆగిపోయి చాలా రోజులయిందనీ, యంత్రంతో తీయిస్తామన్నారనీ చెప్పారు. "యంత్రం వచ్చిందాండీ?" అంటే, "ఫోటో వచ్చిందండి," అన్నారు. వేసవిలో ఎవరూ పిలవకపోయినా ఆయన తూము దగ్గర తీస్తూనే ఉన్నారట. వాళ్లకి ఇప్పుడు అక్కడ పొలం లేదు కదా అన్నాను. "ఎవరిదో ఒకరిది ఉంది కదండీ," అన్నారు.

నేను పోలి మాట ఎత్తాను. ఆ రోజు మీరు భలే చెప్పారండీ, మా క్లాసులో కూడా చెబుతుంటాను అన్నాను. మెచ్చుకుంటే ఏదో తీరుతుందనుకున్నాను.

ఆయన కాసేపు బస్సుల వైపు చూశారు. "ఆ మాట తప్పుగా అన్నానండి. పంపాలి అన్నాను. తియ్యాలి అనాల్సింది."

నాకు వెంటనే అర్థం కాలేదు. పంపడమంటే దాన్ని కింది ఊరికి పంపడం అని జనం అర్థం చేసుకున్నారని ఆయన బాధ. ఏటా కార్తీకం ఆఖర్న అన్ని ఊళ్లవాళ్లూ గెడలు పట్టుకుని వస్తున్నారట, దీపాలకి చాలినంత మేర తోసేస్తున్నారట. "నవ్వుతారని అలా అన్నానండి," అన్నారు. "నవ్వేరు కూడా." నా బస్సు వచ్చింది.

మొన్న భాద్రపదంలో ఆయనకి జ్వరం వచ్చింది. కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లనుకుని పక్క ఊళ్లో పసరు పోయించారు. తగ్గకపోతే ఒక డాక్టరుకి చూపించారు. ఆయన ఏం పని చేస్తారని డాక్టరు అడిగితే, వెంట వెళ్లిన పొరుగాయన 'మేష్టారండి' అన్నాడట. రోజూ మురికినీళ్లలో దిగే మనిషని ఎవరూ చెప్పలేదు. కాకినాడ తీసుకెళ్లేసరికి ఆలస్యమైంది. అది ఎలుకల వల్ల నీళ్లలోంచి వచ్చే జ్వరమని అక్కడ తేలింది. పొరుగాయన 'మేష్టారండి' అనడం నిజంగా జరిగిందో, చెప్పేవాళ్లెవరో అతికించారో నాకు తెలియదు. గ్రూపులో అందరూ దణ్ణం పెట్టే బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టాను.

కార్తీకం వెళ్లిన మర్నాడు మా అత్తగారితో కాలువకి వెళ్లాను. చీకటి విడిపోతోంది. అదే వంతెన. రేవు ముందు రెండు చాపలు పరిచినంత మేర నీళ్లు నల్లగా, శుభ్రంగా ఉన్నాయి. దానికి అటూ ఇటూ డెక్క. గట్టు మీద ఎక్కడా ఒక్క మొక్క తీసి పెట్టినట్టు లేదు. పెద్ద గెడ పట్టుకుని ఒకాయన వంతెన కింద మిగిలినదాన్ని అవతలికి తోస్తున్నాడు. ఆ రోజు పెళ్లాం తిట్టి పంపగా వచ్చిన ఇద్దరిలో ఒకాయన. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టాడు.

"మేష్టారి జట్టులో అమ్మాయిగారు కదండీ? పోయేరంట కదండీ పాపం. మంచి మనిషండి."

మా అత్తగారు దీపం వెలిగించి నాకిచ్చారు. దొప్పని నీళ్లలో పెట్టి మూడుసార్లు తోశాను. అది కదిలి, మిగతా దీపాలతో కలిసి వంతెన కిందికి వెళ్లింది. అవతల, అప్పుడే తోసిన డెక్క మలుపు తిరుగుతోంది.

"చూసేరా, ఎలా వెళ్తన్నాయో," అన్నాడు ఆయన, గెడ భుజానికి ఆనించుకుని. "ఆయన చెప్పినట్టే చేస్తన్నామండి ఏటా. పోలిని పంపాలంటే ముందు డెక్కని పంపాలని. ఆ మాట మా ఊళ్లో ఎవరూ మర్చిపోలేదండి."

మా అత్తగారు నా వైపు చూశారు, ఏదో ఒకటి అనమన్నట్టు.

"ఆయ్," అన్నాను.